కుటుంబాల్లో ఇన్ని రకాలు: కోరుకున్నవి ఏవి, తప్పక వచ్చినవి ఏవి?

కుటుంబం ఊసెత్తితే చాలు, రెండే వాదనలు వినిపిస్తాయి. కుటుంబ వ్యవస్థ నాశనమైపోతోందని గుండెలు బాదుకునేవాళ్లు ఒకవైపు, ఎవరి బతుకు వాళ్లిష్టం, స్వేచ్ఛ పెరిగింది, సంతోషించక ఈ ఏడుపెందుకు అనేవాళ్లు ఇంకోవైపు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. అయితే ఇద్దరూ చేసే పొరపాటు కూడా ఒకటే. ఒంటరిగా ఉండేవాళ్లు, పెళ్లి లేకుండా కలిసి ఉండే జంటలు, తల్లి ఒక్కతే పెంచుతున్న పిల్లలు, మారు పెళ్లితో ఒక్కటైన రెండు సంసారాలు, మనవల బాధ్యత మీద వేసుకున్న అమ్మమ్మలు నానమ్మలు, ఇద్దరు ఆడవాళ్లో ఇద్దరు మగవాళ్లో నడుపుకుంటున్న ఇళ్లు, వీటన్నిటినీ 'వైవిధ్యం' అని ఒకే పేరు పెట్టి కట్టేస్తున్నారు. ఇందులో కావాలని ఎంచుకున్న బతుకులున్నాయి, వేరే దారి లేక వచ్చి పడ్డవీ ఉన్నాయి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, లోపల మాత్రం ఒకదానికీ ఇంకోదానికీ సంబంధమే ఉండదు.

ఒంటరి ఇళ్ల సంగతే తీసుకోండి. అమెరికాలో 1940 జనగణన నాటికి ఒక్క మనిషే ఉండే ఇళ్లు 7.7 శాతం, 2020 వచ్చేసరికి అవి 27.6 శాతం. జపాన్‌లో 2020 లెక్కల ప్రకారం 38 శాతం ఇళ్లలో ఉండేది ఒక్కరే. ఈ అంకెలు చూపించి ఒంటరితనం మహమ్మారిలా పాకుతోందని రాసేస్తుంటారు. సరే, ఆ ఇళ్లలో ఎవరున్నారు? మంచి జీతం, సొంత ఫ్లాట్, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేని సాయంత్రాలు కావాలని విడిగా ఉంటున్న ముప్ఫై ఏళ్ల ఉద్యోగిని ఉంది. భర్త పోయి, పిల్లలు ఎక్కడెక్కడో స్థిరపడి, ఆ ఇంట్లోనే మిగిలిపోయిన ఎనభై ఏళ్ల పెద్దావిడ ఉంది. నికరమైన ఉద్యోగం లేక, పెళ్లి మాటెత్తడానికే జంకుతూ నలభై దాటిపోయిన కాంట్రాక్టు కార్మికుడూ ఉన్నాడు. జనగణన కాగితంలో ముగ్గురూ ఒకే వరుసలోకి వెళ్తారు. మొదటి ఆవిడ కోసం ప్రభుత్వం ప్రత్యేకంగా చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు, ఆమెని ఆమె మానాన వదిలేస్తే చాలు. రెండో ఆవిడకి రోజుకోసారి వచ్చి తలుపు తట్టే మనిషి కావాలి. మూడో ఆయనకి కావాల్సింది జీతం. ముగ్గురికీ కలిపి ఒకే మందు రాసిచ్చే వ్యాసాలు ఎన్ని చదివినా లాభం ఉండదు.

ఒకప్పుడు కుటుంబాలన్నీ ఒకేలా ఉండేవి, ఇప్పుడే చెల్లాచెదురయ్యాయి అనుకోవడం కూడా తప్పే. ఇంగ్లాండ్‌లో పాత ఊళ్ల జనాభా పట్టీలు తిరగేసిన చరిత్రకారుడు పీటర్ లాస్లెట్, 16వ శతాబ్దం చివరి నుంచి 19వ శతాబ్దం మొదటి వరకు అక్కడ ఒక ఇంటికి సగటున 4.75 మందే ఉండేవారని తేల్చాడు. అంటే ఫ్యాక్టరీలు వచ్చి పెద్ద పెద్ద ఉమ్మడి కుటుంబాలని చీల్చేశాయన్న కథ, కనీసం అక్కడి వరకు, నిజం కాదు. మారుటి తల్లులు, మారుటి తండ్రులు అప్పుడూ బోలెడంత మంది. ఇప్పుడు విడాకుల వల్ల జరిగేది అప్పుడు చావుల వల్ల జరిగేది, అంతే తేడా. కాన్పులో తల్లి పోవడం, అంటురోగంలో తండ్రి పోవడం ఎంత మామూలంటే, సవతి తల్లి లేని జానపద కథలు వెతుక్కోవాలి.

ఇంకాస్త దూరం వెళ్తే రకాలు ఇంకా పెరుగుతాయి. కేరళ నాయర్ల తరవాడులో, అంటే వాళ్ల ఉమ్మడి ఇంట్లో, ఆస్తి తల్లి వైపు నుంచి దిగేది, ఇంటి పెత్తనం మేనమామది, భర్త వచ్చిపోయే మనిషి. ఆ ఉమ్మడి ఆస్తి పద్ధతిని చట్టం చేసి రద్దు చేసింది 1975లో, అంటే మరీ పాత రాతియుగం ముచ్చటేమీ కాదు. చైనాలో లూగూ సరస్సు చుట్టూ ఉండే మోసువో ప్రజల్లో సంప్రదాయంగా మగవాడు రాత్రికి తన తోడైన ఆడమనిషి ఇంటికి వెళ్లి తెల్లారేసరికి తన తల్లి ఇంటికి తిరిగొచ్చేస్తాడు, పుట్టిన పిల్లల్ని తల్లీ ఆమె అన్నదమ్ములూ పెంచుతారు. ఇప్పటి లెక్క కావాలంటే, అమెరికా పరిశోధన సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ 130 దేశాల సమాచారంతో 2019లో చేసిన అధ్యయనం ఉంది. ప్రపంచంలో 38 శాతం మంది ఉండేది భార్యాభర్తలు, పిల్లలతో పాటు ఇతర బంధువులు కూడా కలిసున్న ఇళ్లలోనే. అన్నిటికంటే పెద్ద వర్గం అదే.

మరి ఈ 'అసలైన కుటుంబం' బొమ్మ ఎక్కణ్నుంచి వచ్చింది? నాన్న ఉద్యోగం, అమ్మ ఇల్లు, ఇద్దరు పిల్లలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఓ ఇరవై ఏళ్లు, కొన్ని సంపన్న దేశాల్లో, ఒక్క మగాడి జీతంతో ఇల్లు కొనుక్కుని సంసారం నడపగలిగిన రోజుల్లో వచ్చింది. టాల్కాట్ పార్సన్స్ లాంటి సామాజికవేత్తలు ఆ కాలంలోనే దాన్ని ఆధునిక సమాజానికి సరిగ్గా సరిపోయే కుటుంబమని సిద్ధాంతం చేసిపెట్టారు. పింఛన్లు, పన్నులు, ఆరోగ్య బీమా, ఆఖరికి ఇళ్ల ప్లాన్లు కూడా దాన్ని కొలతగా పెట్టుకుని తయారయ్యాయి. ఆ జీతాలు పోయాయి. కొలత మాత్రం ఇంకా ఆఫీసుల్లో తిరుగుతూనే ఉంది.

మార్పుకి కారణాలు చెప్పమంటే చాలామంది విలువల దగ్గర ఆగిపోతారు. రాన్ లెస్తాఘే, డిర్క్ వాన్ డి కా అనే ఇద్దరు జనాభా శాస్త్రవేత్తలు 1986లో దీనికి 'రెండో జనాభా పరివర్తన' అని పేరు పెట్టినప్పుడు కూడా మనుషుల ఆలోచన మారడానికే పెద్ద పీట వేశారు. ఆలోచన మారిన మాట నిజమే, అయితే దాని కింద గట్టి నేల లాంటివి కొన్ని ఉన్నాయి. 1960లో అమెరికాలో గర్భనిరోధక మాత్రకి అనుమతి వచ్చింది. దాంతో పిల్లలు ఎప్పుడు, ఎందరు, అసలు కావాలా అన్నది ఆడవాళ్ల చేతిలోకి వచ్చింది. అక్కడే 1969లో కాలిఫోర్నియా గవర్నర్‌గా ఉన్న రొనాల్డ్ రీగన్, తర్వాత అధ్యక్షుడై సంప్రదాయవాదులకి దేవుడైన ఆ రీగనే, ఎవరి తప్పూ నిరూపించనక్కర్లేకుండా విడాకులిచ్చే చట్టం మీద సంతకం పెట్టాడు. 1978లో ఇంగ్లాండ్‌లో లూయీజ్ బ్రౌన్ పుట్టింది, ప్రపంచంలో మొదటి ఐవీఎఫ్ పాప, అంటే టెస్ట్‌ట్యూబ్ బేబీ. దాంతో బిడ్డని కనడానికి పక్కన భర్త ఉండి తీరాలన్న నియమం కనీసం వైద్యం వరకు వదులైంది. వీటన్నిటి వెనక ఆడవాళ్ల సొంత సంపాదన ఉంది, పెరిగిన ఆయుష్షు ఉంది. ఆయుష్షు సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, యాభై ఏళ్లకే సగంమంది పోయే కాలంలో 'చచ్చేదాకా కలిసుంటాం' అనడానికీ, ఎనభై దాటి బతికే కాలంలో అదే మాట అనడానికీ చాలా తేడా ఉంది.

పెళ్లి చేసుకోకుండా కలిసి ఉండటం కొన్ని దేశాల్లో ఇప్పుడు వార్తే కాదు. ఫ్రాన్స్ 1999లో 'పాక్స్' అనే ఒప్పందం తెచ్చింది. స్వలింగ జంటలకి పెళ్లి హక్కు ఇవ్వడానికి మనసొప్పక, ఇవ్వకుండా ఉండటానికీ వీల్లేక మధ్యేమార్గంగా తెచ్చిన ఏర్పాటు అది. తీరా చూస్తే దాన్ని ఎగబడి వాడుకున్నది ఆడా మగా జంటలు. 2022లో పాక్స్ ఒప్పందాలు 2 లక్షలు దాటాయి, వాటిలో చాలా చాలా ఎక్కువ భాగం వాళ్లవే. విడిపోవాలంటే కోర్టు మెట్లెక్కనక్కర్లేదు, అధికారికి తెలియజేస్తే చాలు. ఫ్రాన్స్‌లో పుట్టే పిల్లల్లో 60 శాతం పైగా తల్లిదండ్రులకి పెళ్లి కాలేదు. అలాగని వాళ్లు తండ్రి లేని పిల్లలేం కాదు, చాలామంది ఇళ్లలో అమ్మానాన్నా ఇద్దరూ ఉంటారు, పుట్టగానే తండ్రి వెళ్లి తన పేరు నమోదు చేయించుకుంటాడు. పెళ్లి కాని తల్లికి పుట్టిన బిడ్డ అనగానే మన మనసులో మెదిలే బొమ్మ వేరు, అక్కడి లెక్క వేరు.

దీనికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం జపాన్, దక్షిణ కొరియాల్లో కనిపిస్తుంది. అక్కడ పెళ్లి బయట పుట్టే పిల్లలు ఇప్పటికీ చాలా తక్కువ, జపాన్‌లో 2 శాతం చుట్టూ ఉంటారు. అక్షరాలా సంప్రదాయం నిలబడినట్టే కదా? కానీ పెళ్లిళ్లే తగ్గిపోయాయి. పిల్లలు కావాలంటే పెళ్లి తప్పనిసరి. ఆ పెళ్లికేమో నికరమైన ఉద్యోగం, ఇల్లు కావాలి, దాంతోపాటు ఇంటిపని మొత్తం నెత్తిన వేసుకునే భార్య కూడా కావాలి. అలాంటప్పుడు చాలామంది గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు. కొరియాలో 2023లో ఒక్కో మహిళకి సగటు సంతానం 0.72కి పడిపోయింది. ఇళ్ల ధరలు, చదువుల ఖర్చు, ఆఫీసు గంటలు, కారణాలు ఇంకా చాలా ఉన్నాయి, ఒక్క పెళ్లి నియమం మీదకే తోసేయలేం. కుటుంబానికి ఒకటే తలుపు పెట్టి మిగతావన్నీ మూసేస్తే జనం ఆ ఒక్క తలుపులోంచే వస్తారన్న నమ్మకం మాత్రం అక్కడ వమ్మైంది. జపాన్ సుప్రీంకోర్టు 2013లో ఒక పాత నియమాన్ని కొట్టేసింది. పెళ్లి బయట పుట్టిన బిడ్డకి, పెళ్లిలో పుట్టిన బిడ్డతో పోలిస్తే తండ్రి ఆస్తిలో సగం వాటాయే దక్కుతుందనే నియమం అది. 2013 దాకా ఆ నియమం నిలబడిందంటే చూడండి.

అసలు గొడవంతా వచ్చేది పిల్లల దగ్గర. ఇన్ని రకాల ఇళ్లలో పెరిగిన పిల్లలు ఏమైపోతారు?

దీని మీద దశాబ్దాల పరిశోధన ఉంది, అందరూ తమకి కావాల్సిన ముక్క ఏరుకుని వాడుకుంటారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన సూజన్ గొలొంబాక్ 1970ల నుంచీ ఇద్దరు తల్లులున్న ఇళ్లనీ, దాత వీర్యంతోనో అండంతోనో పుట్టిన పిల్లల్నీ, కావాలని ఒంటరి తల్లులైన వాళ్లనీ ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. ఇంట్లో ఎవరెవరున్నారన్న దానికంటే ఉన్నవాళ్ల మధ్య బంధం ఎలా ఉందన్నదే పిల్లల మీద ఎక్కువగా పనిచేస్తుందని ఆమె తేల్చింది. ఇంకోవైపు అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో సారా మెక్‌లనహన్ బృందం, 1998 నుంచి 2000 మధ్య అమెరికా పెద్ద నగరాల్లో పుట్టిన దాదాపు 5,000 మంది పిల్లల్ని వెంబడించింది. వీళ్లలో ఎక్కువమంది తల్లిదండ్రులకి పెళ్లి కాలేదు. ఇక్కడ బయటపడిన చిత్రం అంత హాయిగా లేదు. తండ్రి వెళ్లిపోవడం, తల్లికి కొత్త తోడు రావడం, అతనూ వెళ్లిపోవడం, ఇళ్లు మారడం, బళ్లు మారడం, ఇలా జరిగిన పిల్లలు వెనకబడ్డారు.

రెండు పరిశోధనలూ కొట్టుకుంటున్నాయా? లేదు. గొలొంబాక్ చూసిన చాలామంది తల్లులు బిడ్డ కోసం ఎన్నాళ్లో ఆలోచించి, డబ్బు కూడబెట్టుకుని, డాక్టర్ల చుట్టూ తిరిగి కన్నవాళ్లు. మెక్‌లనహన్ చూసిన తల్లుల్లో చాలామందికి అలాంటి వెసులుబాటు ఎప్పుడూ లేదు. ఒంటరి తల్లి అన్న మాట ఇద్దరికీ వర్తిస్తుంది, కానీ ఒకరికి అది నిర్ణయం, ఇంకొకరికి అది నెత్తిన పడ్డ బరువు. 2004లో మెక్‌లనహనే ఇంకో మాట కూడా చెప్పింది. బాగా చదువుకున్న తల్లులు ఆలస్యంగా కంటున్నారు, నిలకడైన పెళ్లిలో కంటున్నారు, పిల్లలకి డబ్బూ సమయమూ రెండూ ఇస్తున్నారు. చదువు లేని తల్లుల పరిస్థితి దీనికి ఎదురు దారిలో పోతోంది, ఇద్దరి పిల్లల మధ్య దూరం పెరుగుతోంది. పెళ్లి అన్నది కాలం చెల్లిన వ్యవహారమని బయట మాట్లాడే వర్గమే తన ఇంట్లో మాత్రం పెళ్లిని భద్రంగా చూసుకుంటోందన్నమాట. ఈ వైరుధ్యం నాకు మొత్తం చర్చలోకెల్లా ముఖ్యమైనదనిపిస్తుంది, దీని గురించి మాట్లాడేది మాత్రం తక్కువ మందే. అందుకే 'పిల్లల కోసం పెళ్లిళ్లు చేసుకోండి' అని ప్రచారం చేయడం కంటే అద్దె, జీతం, పసిపిల్లల్ని చూసుకునే చోటు లాంటి వాటి మీద పెట్టిన డబ్బు ఎక్కువ పనిచేస్తుందని అనుకోవడానికి కారణం ఉంది.

మారు పెళ్లి ఇళ్లది ఇంకో తలనొప్పి. అమెరికా సామాజికవేత్త ఆండ్రూ చెర్లిన్ 1978లోనే వీటిని పూర్తిగా తయారుకాని వ్యవస్థ అన్నాడు. మొదటి పెళ్లికైతే ఎవరు ఎవరికి ఏమవుతారో తరతరాలుగా అందరికీ తెలుసు. రెండో పెళ్లిలో ఆమె పిల్లలు అతన్ని ఏమని పిలవాలి, బడిలో సంతకం ఎవరు పెట్టాలి, అతను కసిరితే అది పెంపకమా, పెత్తనమా, దేనికీ ముందే రాసిపెట్టిన జవాబు లేదు. చట్టానికి అంతకన్నా అయోమయం. చండీగఢ్‌లో ఒక ప్రభుత్వ వైద్య సంస్థ నర్సు కేసు దీనికి మంచి ఉదాహరణ. ఆమె పెళ్లి చేసుకున్నది భార్య పోయిన మనిషిని, అతనికి అప్పటికే ఇద్దరు పిల్లలు. ఆ ఇద్దరి కోసం ఆమె శిశు సంరక్షణ సెలవు వాడుకుంది, ఆఫీసు ఇచ్చింది కూడా. తర్వాత 2019లో తన కడుపున మొదటి బిడ్డ పుట్టినప్పుడు ప్రసూతి సెలవు అడిగితే కుదరదన్నారు. ఇద్దరి కంటే తక్కువ పిల్లలున్న వాళ్లకే ఆ సెలవు, మీకు అప్పటికే ఇద్దరున్నారు కదా, అదీ వాదన. పిల్లల్ని తన పిల్లలుగా చూసుకున్నందుకు ఆమె కాన్పు సెలవు పోయిందన్నమాట. ట్రిబ్యునల్, హైకోర్టు కూడా ఆఫీసు వైపే నిలబడ్డాయి. చివరికి 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు, జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ బోపన్న ధర్మాసనం, ఆమెకి సెలవు ఇవ్వాల్సిందేనంది. మారు పెళ్లి, దత్తత, ఒంటరి పెంపకం, పెళ్లి లేని సహజీవనం, స్వలింగ బంధం ఇవన్నీ కుటుంబాలేనని, మామూలుగా కనిపించే కుటుంబంలా లేనంత మాత్రాన చట్టం రక్షణ పోకూడదని కూడా చెప్పింది. మరుసటి ఏడాది అక్టోబర్‌లో స్వలింగ వివాహాల కేసులో మాత్రం అదే కోర్టు ఆ పని పార్లమెంటుదని చేతులు దులుపుకుంది.

స్వలింగ జంటల విషయం ప్రపంచంలో ఎంత వేగంగా కదిలిందో తేదీలే చెబుతాయి. 1989లో డెన్మార్క్ వాళ్ల బంధాన్ని రిజిస్టర్ చేయడం మొదలుపెట్టింది, 2001లో నెదర్లాండ్స్ పెళ్లికే ఒప్పుకుంది, 2019లో తైవాన్, 2025 జనవరిలో థాయ్‌లాండ్. పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఇంకో చిక్కు వచ్చి పడింది. ఇద్దరు తల్లులు, వాళ్లకి సాయం చేసిన స్నేహితుడు, ముగ్గురూ కలిసి బిడ్డని పెంచుదామనుకుంటే? కాలిఫోర్నియాలో 2014 నుంచి ఒక బిడ్డకి ఇద్దరి కంటే ఎక్కువమంది చట్టబద్ధమైన తల్లిదండ్రులు ఉండొచ్చు. కెనడాలోని ఒంటారియో 2016 చట్టం, ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుంటే కోర్టుకి వెళ్లకుండానే నలుగురి దాకా నమోదు చేసుకోనిస్తుంది.

ఇన్ని మాట్లాడుకుని అసలు ఎక్కువమందిని తాకే మార్పుని మర్చిపోతుంటాం. వలస. అమ్మానాన్నా ఒక చోట, పిల్లలు అమ్మమ్మ నానమ్మల దగ్గర ఇంకో చోట. చైనాలో ఇలా పల్లెల్లో ఉండిపోయిన పిల్లలు 6 కోట్లకు పైనే అని 2013లో అక్కడి అఖిల చైనా మహిళా సమాఖ్య అంచనా వేసింది. తల్లిదండ్రులకి పిల్లల మీద ప్రేమ లేకేం కాదు. అక్కడ 'హుకో' అనే నివాస నమోదు పద్ధతి ఉంది, పల్లె నమోదున్న పిల్లలకి నగరంలో ప్రభుత్వ బడి దొరకడం కష్టం. అంటే ఈ రకం కుటుంబాన్ని తయారు చేసింది ఒక కాగితం. దీన్ని వైవిధ్యం అని పొగడటం ఆ పిల్లల ముందు నిలబడి చేయగలిగిన పని కాదు. కాగితం నియమం మారిస్తే కొన్ని లక్షల ఇళ్లు మళ్లీ కలుస్తాయి.

ఇక పిల్లలతో, ప్రేమతో సంబంధం లేని కుటుంబాలున్నాయి. ఇంగ్లాండ్‌లో ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఇద్దరికీ పెళ్లి కాలేదు, పుట్టినప్పటి నుంచీ కలిసే ఉన్నారు, తల్లిదండ్రులు వదిలిన భూమిలో కట్టిన ఇంట్లో ముసలివాళ్లయ్యారు. ఇద్దరిలో ఒకరు పోతే రెండో ఆవిడ, పరిమితి దాటిన ఆస్తి విలువ మీద 40 శాతం వారసత్వ పన్ను కట్టాలి, దానికి ఇల్లు అమ్మాల్సి రావొచ్చు. భార్యాభర్తలకైతే ఆ పన్ను లేదు, 2004లో వచ్చిన చట్టం కింద తమ బంధాన్ని రిజిస్టర్ చేసుకున్న స్వలింగ జంటలకీ లేదు. మేమేం తక్కువ అని వాళ్లు యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకి వెళ్లారు. 2008 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది, 15 మంది జడ్జిలు కాదన్నారు, ఇద్దరే అవునన్నారు. అక్కచెల్లెళ్ల బంధం రక్తం వల్ల వచ్చింది, పెళ్లి ఒప్పందం వల్ల వచ్చింది, రెండూ ఒకటి కావన్నది కోర్టు తర్కం. న్యాయశాస్త్రం ప్రకారం సరే కావొచ్చు. ఒకే ఇంట్లో జీవితమంతా ఒకరినొకరు చూసుకున్న ఇద్దరి మీద, నిన్నగాక మొన్న రిజిస్టర్ చేసుకున్న జంటకి లేని పన్ను వేయడం ఏ లెక్కన సబబో మాత్రం ఆ తీర్పు చదివినా అర్థం కాదు.

బెల్జియం దీన్ని వేరే రకంగా పరిష్కరించింది. అక్కడ 2000 నుంచి కలిసి ఉంటున్న ఏ ఇద్దరైనా, అన్నదమ్ములైనా, అక్కచెల్లెళ్లైనా, మునిసిపాలిటీకి వెళ్లి తాము చట్టబద్ధంగా సహనివాసం చేస్తున్నామని రాసిచ్చుకోవచ్చు. వాళ్ల మధ్య ఏ బంధం ఉందో ఎవరూ ఆరా తీయరు. అమెరికాలో కొలరాడో 2009లో తెచ్చిన ఫారం ఇంకా వివరంగా ఉంటుంది. పెళ్లికాని ఏ ఇద్దరైనా దాన్ని నింపొచ్చు. ఆసుపత్రిలో వచ్చి చూసే హక్కు, స్పృహ లేనప్పుడు వైద్యం గురించి నిర్ణయించే హక్కు, వీలునామా లేకపోయినా ఆస్తి దక్కే హక్కు, చివరికి అంత్యక్రియలు ఎలా జరగాలో చెప్పే హక్కు, ఒక్కోదానికీ ఎదురుగా ఇస్తున్నాను, ఇవ్వను అని రెండు గళ్లు ఉంటాయి, కావాల్సిన దాంట్లో పొట్టి సంతకం పెట్టాలి. నోటరీ ముందు సంతకాలయ్యాక కౌంటీ ఆఫీసులో నమోదు చేయించాలి. తోడికోడళ్లైనా, పాత స్నేహితులైనా, పక్కింటివాళ్లైనా ఫర్వాలేదు. ముగ్గురు స్నేహితురాళ్లు కలిసి ముసలితనం గడుపుదామనుకుంటే మాత్రం ఆ ఫారంలో మూడో పేరుకి చోటు లేదు.